ఇంట్లో ఆంప్‌కి కరెంటు కష్టాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల హోమ్ థియేటర్, స్టీరియో ఆంప్ (యాంప్లిఫైయర్), సబ్ ఊఫర్, టర్న్‌టేబుల్ పెట్టుకున్నవాళ్లు సర్వీస్ బెంచి దగ్గర నిలబడి అడిగే ప్రశ్నలివి. చాలామంది "మా ఏరియాలో కరెంటు బాలేదండీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఒక్క ముక్కలో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. స్పీకర్లో వినపడే రొద ఒకటి, రెప్పపాటులో వచ్చిపోయే సర్జ్ (స్పైక్ అన్నా ఇదే) ఒకటి, నిమిషాల తరబడి కూర్చునే హై వోల్టేజ్ ఒకటి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. స్పైక్ బస్టర్ కొన్నా హమ్ (గుంయ్‌మనే రొద) పోలేదని తిట్టుకునేవాళ్లు, స్టెబిలైజర్ ఉన్నా పిడుగుకి బోర్డు పోయిందని బాధపడేవాళ్లు అందుకే ఇంతమంది.

పాట ఆపినా స్పీకర్లు "గుంయ్" అంటున్నాయి. ఇది కరెంటు లోపమేనా?

కరెంటాఫీసుని తిట్టే ముందు ఆ శబ్దాన్ని చెవి పెట్టి వినండి. మన సప్లై 50 హెర్ట్జ్. మందంగా, నిలకడగా "ఊఁ" అని వస్తుంటే చాలాసార్లు అది గ్రౌండ్ లూప్, లేకపోతే షీల్డ్ (లోపలి లోహపు తొడుగు) ఊడిన ఆర్‌సీఏ వైరు (ఎరుపు, తెలుపు పిన్నులుండే ఆడియో వైరు). కాస్త గరుకుగా "జుయ్య్" అని వస్తుంటే 100 హెర్ట్జ్, దాని పైవీ కలిసి ఉంటాయి. పాత ఆంప్ అయితే లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయేమో చూడాలి. చిటపటలు, టప్పుటప్పులు అయితే స్విచ్చులు, లూజు కాంటాక్టులు. "డిట్ డిట్ డిట్ డిర్ర్" అని వచ్చి పోతే అది పక్కనే పెట్టిన పాత 2జీ ఫోను. దాన్ని దూరంగా జరిపితే చాలు.

విన్నాక ఈ పరీక్ష చేయండి. ఆంప్ ఆఫ్ చేసి, వెనకాల స్పీకర్ వైర్లు తప్ప మిగతావన్నీ పీకేయండి. టీవీ, సెట్‌టాప్ బాక్స్, లాప్‌టాప్, బ్లూటూత్ రిసీవర్, ఏదీ ఉండకూడదు. వాల్యూమ్ తగ్గించి ఆన్ చేయండి. ఇప్పుడు కూడా హమ్ ఉంటే తప్పు ఆంప్‌లోనే ఉంది, మెకానిక్‌కి చూపించాలి. నిశ్శబ్దంగా ఉంటే ఆంప్ బాగున్నట్టే. ఇక ఒక్కో వైరూ పెడుతూ రండి, పెట్టే ప్రతిసారీ ఆంప్ ఆఫ్ చేసి. ఏ వైరు పెట్టగానే రొద మొదలైందో దొంగ అక్కడే ఉన్నాడు. మా అనుభవంలో మొదట అనుమానించాల్సింది కేబుల్ టీవీ వైరుని, ఆ తర్వాత చార్జింగ్‌లో ఉన్న లాప్‌టాప్‌ని.

ఇంతకీ గ్రౌండ్ లూప్ అంటే ఏమిటి?

మీ ఆంప్‌కి ఎర్త్ గోడలోని మూడు పిన్నుల సాకెట్ నుంచి వస్తుంది. సెట్‌టాప్ బాక్స్‌కి కేబుల్ వైరు పైతొడుగు ద్వారా ఇంకో ఎర్త్ వస్తుంది. ఆ వైరు వీధిలో స్తంభాల మీదుగా ఎక్కడెక్కడో తిరిగి వచ్చింది. ఈ రెండు ఎర్తులూ సరిగ్గా ఒకే వోల్టేజీలో ఉండవు, కొద్దిపాటి తేడా ఉంటుంది. మీరు ఆర్‌సీఏ వైరుతో రెండు పెట్టెలనీ కలిపిన మరుక్షణం ఆ తేడా వల్ల వైరు షీల్డులో 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది. ఆంప్ దాన్ని కూడా పాటలో భాగమనుకుని పెంచి వినిపిస్తుంది.

ముందు ఖర్చు లేని పని చేయండి. ఆంప్, టీవీ, సబ్ ఊఫర్, సెట్‌టాప్ బాక్స్ అన్నీ ఒకే సాకెట్ నుంచి వచ్చే ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి. సబ్ ఊఫర్ గది ఆ మూల ఉందని అక్కడి సాకెట్‌లో పెడితే లూప్‌ని మీరే తయారుచేసినట్టు. అప్పటికీ తగ్గకపోతే టీవీ నుంచి ఆంప్‌కి ఆప్టికల్ వైరు వేయండి. అందులో పోయేది వెలుగు, కాబట్టి లూప్ అక్కడితో తెగిపోతుంది. ఆప్టికల్ లేని పాత ఆంప్ అయితే, లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లుండే ఆడియో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ దొరుకుతుంది. చవక రకాల్లో బేస్ కొంచెం పలచబడుతుంది. టీవీ చూడ్డానికి పరవాలేదు, కచేరీ వినేవాళ్లకు నచ్చకపోవచ్చు. కేబుల్ వైరుకి వేసే ఐసొలేటర్ వేరే ఉంటుంది. ఇంటిదాకా ఫైబర్ వచ్చినవాళ్లకు ఈ బాధే లేదు, గాజు తీగలో ఎర్త్ రాదు కదా.

మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేశాను. హమ్ పోయింది. ఇట్టాగే వాడుకోవచ్చా?

వద్దు. ఆ పిన్ను మీ ప్రాణానికి, పాటకు కాదు. ఆంప్ లోపల ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు ఫ్యూజో ఎంసీబీయో (ఫ్యూజు బదులు వాడే ఆటోమేటిక్ స్విచ్) పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఆంప్ బాడీ, ఆర్‌సీఏ వైర్లు, చేతిలోని మైకు, అన్నిటికీ 230 వోల్టులు వచ్చి కూర్చుంటాయి. ఇంట్లో మైకు పట్టుకుని పాడే పిల్లలుంటే చెప్పక్కర్లేదు. హమ్‌ని ఆడియో వైరు దగ్గర తెంపండి, ఎర్త్ దగ్గర కాదు.

ఆంప్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోంది, టెస్టర్ కూడా వెలుగుతోంది. షాకేనా?

రెండు పిన్నుల అడాప్టర్ వాడే టీవీ, డీవీడీ ప్లేయర్ లాంటివాటిలో రొదని వడగట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి ద్వారా బాడీకి సుమారు సగం సప్లై వోల్టేజ్ అతి తక్కువ కరెంటుతో లీకవుతుంది. ఎర్త్ ఉన్న పరికరంతో కలిస్తే అది దిగిపోతుంది. కానీ మూడు పిన్నులున్న ఆంప్ జివ్వుమంటే మీ సాకెట్‌లో ఎర్త్ లేనట్టు, లేదా లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్నట్టు. రెండూ వదిలేసే సంగతులు కావు.

దీని తోకే ఇంకొకటి. హెచ్‌డీఎంఐ వైరు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు టీవీ ప్లగ్, ఆంప్ ప్లగ్ రెండూ గోడలోంచి పీకేయండి. ఆ లీకు వోల్టేజ్ హెచ్‌డీఎంఐ సన్నపిన్నుల గుండా దిగితే పోర్టు పోతుంది. మా దగ్గరికొచ్చే "హెచ్‌డీఎంఐ పనిచేయట్లేదు" కేసుల్లో ఇదొక పెద్ద వాటా.

మా ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎట్టా తెలుస్తుంది?

సాకెట్‌కి మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక వైరు ఉందని నమ్మకండి. పాత ఇళ్లలో చాలాచోట్ల అది ఖాళీ రంధ్రమే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపుల్లో రావాలి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉంటే బాగున్నట్టు. ఫేజ్-ఎర్త్ మధ్య 60, 110 అంటూ అర్థంలేని అంకెలొస్తే ఎర్త్ గాల్లో వేలాడుతోందన్నమాట. న్యూట్రల్-ఎర్త్ మధ్య ఎంత లోడు వేసినా ఖచ్చితంగా సున్నా చూపిస్తే ఇంకా అనుమానించాలి. ఎర్త్ గుంత తవ్వే శ్రమ ఎందుకని సాకెట్ లోపలే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేసే పనిమంతులు ఉన్నారు. బయట న్యూట్రల్ తెగిన రోజు మీ ఫ్రిజ్ తలుపు నుంచి ఆంప్ దాకా అన్నీ షాక్ కొడతాయి.

మీటర్ ఒక్కటే చూసి వదలకుండా ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఫిలమెంట్ బల్బు (ఎల్ఈడీ కాదు) పెట్టి చూడమనండి. నిండుగా వెలిగితే ఎర్త్ పనిచేస్తున్నట్టు. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై తెంపే స్విచ్) ఉన్న ఇంట్లో బల్బు పెట్టగానే అది పడిపోతుంది. అదీ మంచి గుర్తే.

నేలని బట్టి కూడా ఉంటుంది. మైపాడు, కొత్తపట్నం వైపు ఇసుక తడిగా, ఉప్పగా ఉంటుంది కాబట్టి ఎర్త్ సులువుగా దొరుకుతుంది, కానీ జీఐ పైపు త్వరగా తుప్పు పట్టిపోతుంది. ఉదయగిరి వైపు రాతినేలల్లో పైపు చిరకాలం ఉంటుంది, కానీ ఎండాకాలంలో నేల ఎండిపోయి ఎర్త్ పనిచేయదు. బొగ్గు, ఉప్పు వేసిన గుంతే అయినా ఏప్రిల్, మే నెలల్లో నాలుగు బిందెల నీళ్లు పోస్తుండాలి. కట్టినప్పుడు పోశారు, ఆ తర్వాత గుంత ఎక్కడుందో కూడా మర్చిపోయారు అనే ఇళ్లే ఎక్కువ.

కొన్ని లైట్లు మరీ ఎక్కువగా, కొన్ని డిమ్‌గా వెలిగాయి. తర్వాత ఆంప్, టీవీ రెండూ పోయాయి. ఏం జరిగింది?

న్యూట్రల్ తెగింది. మన రెండు జిల్లాల్లో పిడుగులకన్నా ఎక్కువ ఆంప్‌లని చంపేది ఇదేనని నా అభిప్రాయం. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఒక్కో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య మాత్రం 400 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ తెగితే, ఒక ఫేజ్ మీద ఉన్న ఇళ్లూ ఇంకో ఫేజ్ మీద ఉన్న ఇళ్లూ ఒకదాని వెనక ఒకటి వరసగా ఆ 400 మధ్య చిక్కుకుంటాయి. ఏసీలు, మోటార్లు నడుస్తున్న ఇళ్లవైపు వోల్టేజ్ పడిపోతుంది. లైట్లు, టీవీ మాత్రమే ఉన్న ఇళ్లవైపు 300 దాటిపోతుంది.

ఇప్పటి ఆంప్‌లలో సప్లైని నేరుగా డీసీగా మార్చే ఎస్ఎంపీఎస్ బోర్డులే ఎక్కువ. 300 వోల్టుల ఏసీ వస్తే లోపల 424 వోల్టుల డీసీ తయారవుతుంది. అక్కడున్నది 400 వోల్టుల కెపాసిటర్ అయితే ఉబ్బి టప్పున పేలుతుంది. పాతకాలపు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్ కాసేపు ఓర్చుకుంటుంది, వేడెక్కి వాసనొస్తుంది, ఆలోగా మీరు ప్లగ్ పీకే అవకాశం ఉంటుంది.

లైట్లలో ఆ తేడా కనపడిన క్షణమే మెయిన్ ఆఫ్ చేసి 1912కి ఫోన్ చేయండి. నెల్లూరు జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్‌పీడీసీఎల్ కిందికి, ప్రకాశం విజయవాడ కేంద్రంగా ఉన్న ఏపీసీపీడీసీఎల్ కిందికి వస్తాయి. నంబర్ మాత్రం ఒక్కటే. మనిషి ఇంట్లో లేనప్పుడు కాపాడేది హై-లో వోల్టేజ్ కటాఫ్ ఒక్కటే. మీటరు దాటాక, మెయిన్ బోర్డులో ఎంసీబీల పక్కన బిగిస్తారు. వోల్టేజ్ పెట్టిన హద్దు దాటగానే మొత్తం ఇంటి సప్లై తెంపుతుంది, సర్దుకున్నాక కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ కలుపుతుంది. పై హద్దు 260-270 మధ్య, కింది హద్దు 170-180 మధ్య పెట్టుకుంటే సరిపోతుంది.

మీ ఇంటి సర్వీసు వైరులోని న్యూట్రల్ మాత్రమే తెగితే సంగతి వేరు. అప్పుడు ఏదీ పనిచేయదు, కానీ సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది. పరికరాలకు నష్టం లేదు. కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టే మనిషికే ప్రమాదం.

స్పైక్ బస్టర్ ఉంది కదా, అది చూసుకోదా?

హై వోల్టేజ్‌ని చూసుకోదు. రెప్పపాటు స్పైకుల కోసమే అది పుట్టింది. అందులో పనిచేసే ముక్క ఎంఓవీ, నాణెం లాంటి గుండ్రటి బిళ్ల. మామూలుగా కరెంటుని పోనివ్వదు, వోల్టేజ్ హద్దు దాటగానే తలుపు తెరిచి ఆ పోటుని తనలోంచి పోనిస్తుంది. మన సప్లైకి వాడే బిళ్ల మీద తరచుగా 431 అనే అంకె ఉంటుంది. 275 వోల్టుల ఏసీ దాకా నిశ్చింతగా కూర్చునే రకం. అసలు స్పైక్ వచ్చినప్పుడు అది 700 వోల్టుల దగ్గర్లో ఆపుతుంది. 230 దగ్గర ఆపుతుందని అనుకోకండి. నిమిషాల తరబడి 320 వోల్టులొస్తే ఆ బిళ్ల కాలి పొగలొస్తాయి. అందుకే థర్మల్ ఫ్యూజ్ కలిపి ఉన్నదే కొనాలి.

ఇంకో సంగతి, తగిలిన ప్రతి దెబ్బకీ ఎంఓవీ కొంచెం అరుగుతుంది. "ప్రొటెక్టెడ్" అని వెలిగే చిన్న లైటు ఆరిపోయిన స్పైక్ బస్టర్ ఉత్త ఎక్స్‌టెన్షన్ బాక్సే. బజార్లో ఆ పేరుతో అమ్మే చవక పెట్టెల్లో అసలు బిళ్లే ఉండదు, ఎర్ర స్విచ్చు, ఫ్యూజ్ అంతే. జూల్ రేటింగ్ (ఎంత పోటుని తట్టుకుంటుందో చెప్పే అంకె) ఎక్కడా రాయకపోతే అనుమానించండి. మెయిన్ బోర్డులో టైప్ 2 ఎస్‌పీడీ (సర్జ్‌ని తగ్గించే పరికరం), ఆంప్ దగ్గర మంచి స్పైక్ బస్టర్, రెండూ ఉంటే పెద్ద పోటుని బోర్డు దగ్గరే తగ్గించి మిగిలింది ఆంప్ దగ్గర ఆపొచ్చు. ఎర్త్ లేని ఇంట్లో ఇవి సగమే పనిచేస్తాయి.

స్టెబిలైజర్?

లో వోల్టేజ్ బాధ ఉంటే పనికొస్తుంది. రిలే రకం టక్కుమని ట్యాపు (లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కనెక్షన్) మార్చినప్పుడు స్పీకర్లో కూడా టక్కుమంటుంది. 230కి ఇటూ అటూగా నిలకడగా వచ్చే ఊళ్లో ఆంప్‌కి స్టెబిలైజర్ అక్కర్లేదు.

ఇల్లు రొయ్యల చెరువుల పక్కన. ఏరేటర్లు తిరిగినంతసేపూ రొద, ఆగిపోతే నిశ్శబ్దం. ఏం చేయాలి?

ఇందుకూరుపేట, అల్లూరు, సింగరాయకొండ వైపు నుంచి వచ్చే మామూలు ప్రశ్న ఇది. చీమకుర్తిలో గ్రానైట్ కోత మిషన్ల దగ్గరుండేవాళ్లదీ, వెల్డింగ్ షాపు పక్కవాళ్లదీ ఇదే కథ. మీ ఇంటికీ ఆ మోటార్లకూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ అయితే రెండు రకాల ఇబ్బంది వస్తుంది. మోటారు స్టార్టయ్యేటప్పుడు వోల్టేజ్ కుంగుతుంది. వేగం మార్చే డ్రైవ్‌లు ఉంటే కిలోహెర్ట్జ్‌ల్లో రొద లైన్లోకి ఎక్కుతుంది.

ఈ రొదకు స్పైక్ బస్టర్ పనిచేయదు, ఈఎంఐ ఫిల్టర్ (లైన్లోని రొదని వడగట్టేది) కావాలి. కాయిలు, కెపాసిటర్లు ఉన్న లోహపు డబ్బా. ఆంప్ తీసుకునే కరెంటుకి సరిపడా ఆంపియర్లది తీసుకుని, దాని ఎర్త్‌ని నిజమైన ఎర్త్‌కి కలపాలి. అదీ చాలకపోతే లైనుకీ ఆంప్‌కీ మధ్య నేరుగా తీగ సంబంధం లేకుండా చేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. బరువు, ఖరీదు రెండూ ఎక్కువే, కానీ మోటార్ల మధ్య బతికేవాళ్లకు ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. కుదిరితే ఇంటి సర్వీసుని వేరే ట్రాన్స్‌ఫార్మర్‌కి మార్చమని కరెంటాఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి అర్జీ పెట్టండి.

కరెంటు పోయినప్పుడు కాదు, వచ్చినప్పుడే పరికరాలు పోతున్నాయి. ఎందుకని?

పంపుసెట్లకి ఆటో స్టార్టర్లు ఉంటాయి. కరెంటు రాగానే లైను మీదున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, వోల్టేజ్ కుంగుతుంది, మళ్లీ ఎగురుతుంది, ఒక్కోసారి ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) ట్రిప్పై ఇదంతా మళ్లీ మొదలవుతుంది. ఈ ఊగిసలాట సద్దుమణిగే దాకా ఆంప్‌ని లైన్లో ఉంచకపోవడమే మార్గం. కరెంటు పోగానే ఆంప్ వెనక స్విచ్ ఆఫ్ చేసే అలవాటు చేసుకోండి, లేదా మూడు నిమిషాలు ఆగి కలిపే డిలే ఉన్న పరికరం వాడండి. తుపాను తర్వాత లైన్లు బాగుచేసి కరెంటు ఇచ్చి చూస్తుంటారు, తీస్తుంటారు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి రోజులు గుర్తుండే ఉంటాయి. అలాంటప్పుడు లైట్లు స్థిరంగా నిలబడ్డాక ఒక పూట ఆగి ప్లగ్ పెట్టినా నష్టమేమీ లేదు.

పిడుగు నుంచి ఏ పరికరం కాపాడుతుంది?

నేరుగా పడితే ఏదీ కాపాడదు. దూరంగా పడి లైన్ల గుండా వచ్చే పోటుని ఎస్‌పీడీ తగ్గించగలదు. ప్లగ్ పీకడమే మందు. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు, గోడ స్విచ్‌లో ఉండే సందు కొద్ది మిల్లీమీటర్లే, పైగా అది ఫేజ్‌నే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది. కరెంటు ప్లగ్ ఒక్కటే పీకి డిష్ వైరు, కేబుల్ వైరు, లాన్ వైరు వదిలేస్తే పిడుగు ఆ దారిన వస్తుంది. మేడమీద డిష్ ఉన్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ.

ఎప్పుడు పీకాలి? మే నెల సాయంత్రం ఈదురుగాలులు లేచినప్పుడు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండం అన్నప్పుడు, ఊరెళ్లేటప్పుడు. ఉరుము దూరంగా ఉండగానే పీకండి. నెత్తిమీద మెరుస్తుంటే వైర్ల జోలికి వెళ్లొద్దు. పుణెలోని ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక ఇస్తుంది, ఫోన్‌లో పెట్టుకోండి.

లైటు వేస్తే, ఫ్యాను తగ్గిస్తే స్పీకర్లో రొద వస్తోంది.

గుండ్రంగా తిప్పే పాత ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ అయితే దాన్ని మార్చేయండి, కెపాసిటర్లుండే స్టెప్ రకం పెట్టండి. చవక ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు కూడా ఇంతే. ఏ బల్బో కనిపెట్టడానికి బ్యాటరీతో నడిచే పాత మీడియం వేవ్ రేడియో పనికొస్తుంది. స్టేషన్ లేనిచోట ట్యూన్ చేసి ఒక్కో బల్బు, ఒక్కో చార్జర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్కడ అరుపు పెరిగిందో అదే.

ఇన్వర్టర్ మీద ఆంప్ మూలుగుతోంది.

అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. ప్యూర్ సైన్ వేవ్ అయితే మూలగదు.

స్పీకర్లో కాదు, ఆంప్ పెట్టెలోంచే గుర్రుమంటోంది.

ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు. బిగింపు బోల్టులు వదులవడం, హై వోల్టేజ్, లేదా లైన్లో కొంచెం డీసీ కలవడం కారణం. హెయిర్ డ్రయ్యర్‌ని సగం వేడిలో పెట్టినప్పుడే వస్తుంటే మూడోదే. డీసీ బ్లాకర్ అనే చిన్న సర్క్యూట్‌తో పోతుంది.

వేలు పోసి కొనే పవర్ కార్డ్, వైరుకి తొడిగే ఫెర్రైట్ పూసలు పనిచేస్తాయా?

ఫెర్రైట్ పూసలు మెగాహెర్ట్జ్‌ల్లో వచ్చే రొదకు పనిచేస్తాయి, 50 హెర్ట్జ్ హమ్‌కి కాదు. ఖరీదైన పవర్ కార్డ్ విషయానికొస్తే, ఎక్కడో సబ్‌స్టేషన్ నుంచి అల్యూమినియం తీగల మీద వచ్చిన కరెంటుని చివరి ఆరడుగుల వైరు శుద్ధి చేస్తుందంటే నేను నమ్మను. ఆ డబ్బుతో ముందు ఎర్త్ గుంత, తర్వాత హై-లో కటాఫ్, ఆపైన ఎస్‌పీడీ పెట్టించుకోండి. ఇంకా మిగిలితే ఆంప్ దగ్గరికి మంచి స్పైక్ బస్టర్. ఫిల్టర్లు, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్లు నిజంగా రొద ఉన్నవాళ్లకే.

సముద్రం గాలికి జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఉప్పుగాలికి సాకెట్ లోపలి ఇత్తడికి చిలుము పట్టి కాంటాక్ట్ వదులవుతుంది. అక్కడ నిప్పురవ్వలు లేచి స్పీకర్లో చిటపటలొస్తాయి, సాకెట్ వేడెక్కుతుంది. ప్లగ్ పెట్టే చోట నల్లబడితే సాకెట్ మార్చండి, గీకి వాడకండి. ఆర్‌సీఏ పిన్నులు ఏడాదికోసారి కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి.

వానకి ఇంట్లోకి నీళ్లొచ్చి ఆంప్ తడిసింది. ఎండబెట్టి ఆన్ చేయొచ్చా?

పైకి ఆరినట్టు కనపడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల మధ్య తడి వారాల పాటు ఉంటుంది. వరద నీళ్లయితే బురద, ఉప్పు కూడా బోర్డు మీద మిగిలి కరెంటుకి దారి ఇస్తాయి. ఆన్ చేయకుండా, ప్లగ్ కూడా పెట్టకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. బోర్డు కడిగి, ఆరబెట్టి, ఇన్సులేషన్ కొలిచాక సిరీస్ బల్బు (ఆంప్‌కి కరెంటు తన గుండానే వెళ్లేలా కలిపే ఫిలమెంట్ బల్బు) పెట్టి మొదటిసారి ఆన్ చేస్తారు. బల్బు ఒక్కసారి మెరిసి డిమ్ అయితే ఆంప్ బతికినట్టే. నిండుగా వెలుగుతూ ఉండిపోతే లోపల షార్ట్ ఉంది.